చలిలో పరుగుకు బట్టలు: ఎన్ని డిగ్రీలకు ఏం వేసుకోవాలి

చలికాలం పరుగులో చాలావరకు ఇబ్బంది తడిసిన బట్టల వల్లే వస్తుంది. గుమ్మం దాటగానే వెచ్చగా ఉండాలని టీషర్టు మీద స్వెట్టరు, దాని మీద జాకెట్టు తొడుక్కుని బయల్దేరితే రెండో కిలోమీటరుకల్లా లోపలంతా చెమట పట్టేస్తుంది. ఆ తర్వాత కాస్త వేగం తగ్గినా, సిగ్నల్ దగ్గర నిమిషం ఆగినా ఆ చెమటే ఒంటిని చల్లబరచడం మొదలుపెడుతుంది. ఇంటికొచ్చేసరికి వణుకు. దాంతో మర్నాడు ఇంకో పొర ఎక్కువ వేసుకుంటారు, ఇంకా ఎక్కువ తడుస్తారు.

పరుగెత్తేటప్పుడు ఒళ్ళు ఖర్చుచేసే శక్తిలో దాదాపు ముప్పావు వంతు వేడిగా మారుతుంది. అందులో కొంత నిలుపుకోవాలి, మిగతాది బయటికి పోనివ్వాలి, చెమట ఒంటిని అంటిపెట్టుకోకుండా చూడాలి. ఏ బట్ట కొన్నా ఈ మూడు పనుల్లో అది ఏది చేస్తుందో ముందు అడగండి.

ఇక్కడ రాసిన డిగ్రీలన్నీ సెల్సియస్. అమెరికాలో ఉంటూ ఫోన్‌లో ఫారన్‌హీట్ చూసేవాళ్ళు నాలుగు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు: 50 అంటే 10 డిగ్రీలు, 32 అంటే సున్నా, 14 అంటే మైనస్ 10, సున్నా అంటే దాదాపు మైనస్ 18.

1. ముందు లెక్క వేయండి

ఫోన్‌లో కనిపించే ఉష్ణోగ్రతకు 10 డిగ్రీలు కలపండి. వచ్చిన అంకెకు మామూలుగా నడకకు వెళ్తే ఏం వేసుకుంటారో అవే వేసుకోండి. బయట 5 డిగ్రీలుంటే 15 డిగ్రీలనుకోవాలి. అంటే హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజామున వాకింగ్‌కు వెళ్ళినట్టు.

ఈ 10 అందరికీ ఒకటి కాదు. కాసేపు పరుగు, కాసేపు నడకగా వెళ్ళే కొత్తవాళ్ళు 5 మాత్రమే కలుపుకోవాలి, ఎందుకంటే నడిచే నిమిషాల్లో ఒంట్లో పుట్టే వేడి బాగా తగ్గిపోతుంది. మధ్యమధ్యలో ఆగుతూ వేగంగా పరుగెత్తే ఇంటర్వెల్ సాధన రోజున ఆగే సమయం కోసం నడుముకు ఒక పల్చటి జాకెట్టు కట్టుకోవాలి. సన్నగా ఉండేవాళ్ళకు, వయసు పైబడినవాళ్ళకు చలి తొందరగా పడుతుంది.

తర్వాత గాలి చూడండి. ఉష్ణోగ్రత సున్నా ఉండి గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తుంటే ముఖానికి అది మైనస్ 5లా తగులుతుంది. మైనస్ 10 ఉండి 30 కిలోమీటర్ల గాలి ఉంటే మైనస్ 20లా ఉంటుంది. వాతావరణం యాప్‌లో ‘ఫీల్స్ లైక్’ అని చూపించేది ఇదే. గాలి ఉన్న రోజున 10 కలపడం ఈ అంకెకే. వాన కూడా ఉంటే ఇంకా జాగ్రత్త: 3 డిగ్రీల్లో వాన, పొడిగా ఉన్న మైనస్ 5 కన్నా కష్టం.

లెక్క సరిపోయిందో లేదో గుమ్మం బయటే తెలిసిపోతుంది. మొదటి ఎనిమిది, పది నిమిషాలు కొంచెం చలిగా అనిపించాలి. నిలబడ్డప్పుడే హాయిగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే. వెనక్కి వెళ్ళి తీసేయండి.

2. ఒంటికి తగిలే బట్ట

డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఇక్కడ పెట్టండి. పైన ఎంత మంచి జాకెట్టున్నా లోపలిది నూలైతే లాభం లేదు. నూలు పోగు నీటిని తనలోకి పీల్చుకుని చాలాసేపు పట్టి ఉంచుతుంది. నీరు కదలని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి, తడిసిన నూలు బట్ట ఒంటికి అంటుకుంటే అది బట్ట లేనిదానికన్నా హీనం. పాలిస్టర్ పోగు నీటిని దాదాపు పీల్చుకోదు. చెమట దాని మీద పల్చగా పరుచుకుని బయటివైపుకు పాకి ఆరిపోతుంది.

మనవాళ్ళలో ఎక్కువగా కనిపించే పొరపాటు బనియను. పైన మంచి స్పోర్ట్స్ టీషర్టు, లోపల అలవాటుగా నూలు బనియను. ఆ బనియను చెమటనంతా పట్టి ఉంచితే పై టీషర్టు చేయగలిగింది ఏమీ లేదు. పరుగుకు వెళ్ళేటప్పుడు బనియను విప్పేయండి.

చలికాలంలో మన షాపుల్లో ‘థర్మల్స్’ పేరుతో అమ్మే లోదుస్తుల్లో చాలావాటిలో నూలు కలిసి ఉంటుంది. విదేశాలకు వెళ్ళే పిల్లల పెట్టెలో అమ్మానాన్నలు రెండు మూడు జతలు పెట్టి పంపేది ఇవే. బస్టాపులో నిలబడడానికి, క్లాసుకు నడిచి వెళ్ళడానికి అవి చక్కగా పనికొస్తాయి. పరుగుకు మాత్రం వద్దు. కొనేటప్పుడు లోపలి చీటీ చదవండి. పాలిస్టర్ లేదా నైలాన్, దాంతోపాటు సాగడానికి కొంచెం ఎలాస్టేన్ ఉంటే సరే. కాటన్ అని ఉంటే పక్కన పెట్టండి.

మెరినో ఊలు ఇంకో దారి. తడిగా ఉన్నా కొంత వెచ్చదనం ఇస్తుంది, రెండు మూడు సార్లు వేసుకున్నా వాసన రాదు. ఖరీదెక్కువ, ఆరడం ఆలస్యం, భుజాల దగ్గర బ్యాగు రాసుకుంటే చిల్లులు పడుతుంది. చదరపు మీటరుకు 150 గ్రాముల బట్ట సున్నా చుట్టుపక్కలకు సరిపోతుంది. 200 దాటినది మైనస్ 10 కిందికి పోయే ఊళ్ళవాళ్ళకే.

సైజు విషయంలో మొహమాటం వద్దు. ఈ పొర ఒంటిని అంటుకునే ఉండాలి, చంకల దగ్గర ముడతలు పడకూడదు. ఒంటికి తగలని బట్ట చెమటను లాగలేదు. చేతులు పైకెత్తినప్పుడు నడుము బయటపడకూడదు. కుట్లు చదునుగా ఉన్నాయో లేదో వేలితో రాసి చూడండి. ఉబ్బెత్తు కుట్టు పది కిలోమీటర్లు ఒరుసుకుంటే చర్మం లేచిపోతుంది. మగవాళ్ళు చనుమొనలకు, ఆడవాళ్ళు స్పోర్ట్స్ బ్రా కింది పట్టీ ఆనే చోట ముందే వ్యాజిలిన్ రాసుకోవాలి. చలిలో తడి బట్ట బిరుసెక్కి ఇంకా ఎక్కువ ఒరుసుకుంటుంది.

ఆడవాళ్ళకు అసలు మొదటి పొర స్పోర్ట్స్ బ్రానే. దళసరి ప్యాడ్లు ఉన్నవి చెమటను స్పాంజిలా పట్టి ఉంచుతాయి. ప్యాడ్లు తీసేయడానికి వీలున్నవి, లేదా పల్చటి అల్లికవి చూసుకోండి. పరుగయ్యాక ముందు మార్చుకోవాల్సింది కూడా అదే.

3. మధ్య పొర

దాదాపు 2, 3 డిగ్రీల కిందికి పోతేనే దీని అవసరం. లోపలివైపు నూగులా ఉండే ఫుల్‌హ్యాండ్స్ టాప్, మెడ దగ్గర అర జిప్ ఉన్నది తీసుకోండి. ఆ జిప్పే దీని అసలు విలువ. ఒళ్ళు వేడెక్కగానే జానెడు కిందికి లాగితే వేడి బయటికి పోతుంది, గాలికి ఎదురుగా తిరిగినప్పుడు మళ్ళీ పైకి లాగుకోవచ్చు. ఆగకుండా పరుగెత్తుతూనే చేయగలిగిన సర్దుబాటు ఇది. బొటనవేలు దూరే రంధ్రం ఉంటే మణికట్టు కప్పుకుంటుంది.

ఇంట్లో అల్లిన స్వెట్టర్లు ఇందుకు పనికిరావు. అల్లిక సందుల్లోంచి గాలి దూరుతుంది, చెమటకు బరువెక్కి సాగిపోతుంది.

4. గాలిని ఆపే పొర

ఈ పొర పేరుతో దుకాణాల్లో ఎక్కువగా అంటగట్టేది వాన నీరు చొరని జాకెట్టు. పొడి చలికి అది అక్కర్లేదు. నీటిని లోపలికి రానివ్వని బట్ట చెమట ఆవిరిని కూడా సరిగ్గా బయటికి పోనివ్వదు. ఆవిరి లోపలివైపున నీటిబొట్లుగా మారి చేతుల మీదికి కారుతుంది.

కావలసింది పల్చటి విండ్‌చీటర్, మడిస్తే పిడికిట్లో పట్టేది. షాపులో చిన్న పరీక్ష చేయండి: బట్టను నోటికి ఆనించి గట్టిగా ఊదండి. అటుపక్క అరచేతికి ఏమీ తగలకపోతే అది పూర్తిగా గాలి ఆపే రకం, మంచు దేశాల్లో బాగా గాలి ఉన్న రోజులకు. కొంచెం తగిలితే పరుగుకు అదే మేలు. వీపు మీదో చంకల కిందో గాలి పోయే జాలీ ఉందేమో చూడండి.

చేతులు లేని విండ్ వెస్ట్‌ను చాలామంది పట్టించుకోరు. సున్నా నుంచి 8 డిగ్రీల మధ్య అంతకన్నా ఉపయోగపడే బట్ట ఇంకోటి లేదు. గాలి తగిలే ఛాతీని కాపాడుతుంది, చంకల్లోంచి వేడిని వదిలేస్తుంది. ఈకలు నింపిన లావుపాటి డౌన్ జాకెట్టు పరుగుకు వద్దు, పరుగు ముగిశాక తొడుక్కోవడానికి కారులో పెట్టుకోండి.

గాలి ఉన్న రోజున దారి కూడా బట్టల్లో భాగమే. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళండి, వచ్చేటప్పుడు గాలి వీపున ఉండాలి. తిరగేసి వెళ్తే చెమట పట్టిన ఒంటితో, అలసిన కాళ్ళతో ఎదురుగాలిని తట్టుకోవాల్సి వస్తుంది.

5. కాళ్ళు

కాళ్ళే వేడిని పుట్టిస్తున్నాయి కాబట్టి పైభాగానికన్నా వీటికి తక్కువ చాలు. 10 డిగ్రీల పైన నిక్కరు. అంతకన్నా తగ్గితే కాలికి అతుక్కునే టైట్స్. మైనస్ 5 కింద లోపల నూగు ఉన్న టైట్స్. మైనస్ 10 కింద వాటి మీద గాలి ఆపే పల్చటి ప్యాంటు. నూలు ట్రాక్ ప్యాంటు అంచులు కరుగుతున్న మంచులో తడిసి, బరువెక్కి, చీలమండలకు కొట్టుకుంటూ ఉంటాయి.

మగవాళ్ళు మాట్లాడుకోవడానికి సిగ్గుపడే విషయం ఒకటుంది, తప్పక తెలియాలి. సున్నా కింద, ఎదురుగాలిలో పల్చటి టైట్స్‌తో పరుగెత్తితే పురుషాంగానికి చలి దెబ్బ తగులుతుంది. పరుగెత్తేటప్పుడు మొద్దుబారి తెలియదు, ఇంట్లో వెచ్చబడేటప్పుడు నొప్పి భరించలేం. ముందువైపు గాలి ఆపే బట్ట కుట్టిన రన్నింగ్ బ్రీఫ్‌లు దొరుకుతాయి. లేదంటే టైట్స్ మీద విండ్‌చీటర్ బట్టతో కుట్టిన నిక్కరు వేసుకోండి. నూలు డ్రాయరు ఇక్కడ కూడా వద్దు. తొడల పైభాగం, పిరుదులు ఎర్రబడి దురద పెట్టే ఆడవాళ్ళకు కూడా ఈ నిక్కరు ఉపాయం పనిచేస్తుంది.

6. చేతులు, చెవులు, మెడ

ఒంటికి చలి తగలగానే నెత్తురు వేళ్ళ నుంచి, చెవుల నుంచి వెనక్కి తగ్గుతుంది. అందుకే ఒళ్ళంతా చెమట పడుతున్నా వేళ్ళు కొంకర్లు పోతాయి. 8 డిగ్రీల కింద పల్చటి గ్లౌజులు వేసుకోండి. మైనస్ 5 కింద నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే మిట్టెన్స్ తీసుకోవాలి. వేళ్ళు ఒకదానికొకటి వెచ్చదనం ఇచ్చుకుంటాయి. ఇంకా చలైతే లోపల గ్లౌజు, పైన మిట్టెన్. మణికట్టు దగ్గర బిగుతుగా ఉండకూడదు, నెత్తురు ఆగితే ఎంత దళసరి గ్లౌజయినా వేళ్ళు చల్లగానే ఉంటాయి.

ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. తల ఒంటి వైశాల్యంలో దాదాపు పదో వంతు, వేడి కూడా సుమారుగా ఆ మేరకే పోతుంది. కాబట్టి 5 డిగ్రీల పైన టోపీ అక్కర్లేదు, చెవులు కప్పే పట్టీ చాలు. అంతకు తక్కువైతే పల్చటి టోపీ. వేడి ఎక్కువైనప్పుడు తీసి నడుము దగ్గర దోపుకోవచ్చు.

మంకీ క్యాప్ అలవాటున్నవాళ్ళు దాన్ని పరుగుకు పక్కన పెట్టాలి. దళసరి ఊలు నోటి దగ్గర ఊపిరికి తడిసిపోతుంది, సున్నా కింద అదే గడ్డకడుతుంది, ముఖం ఒక్కటే తెరుద్దామన్నా కుదరదు. మఫ్లరు కూడా వద్దు, ముడి జారి వేలాడుతుంది. వీటి బదులు గొట్టంలా ఉండే పల్చటి బఫ్ మెడకు వేసుకోండి. చలి ఎక్కువైతే ముక్కు దాకా లాగుకోవచ్చు, తడిసినప్పుడు పొడిగా ఉన్న వైపు ముందుకు తిప్పుకోవచ్చు. చల్లటి పొడి గాలికి ఆయాసం, దగ్గు వచ్చేవాళ్ళకు బఫ్‌లోంచి పీల్చే గాలి కొంత వెచ్చగా, తేమగా వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడండి, ఇన్‌హేలర్ జేబులో పెట్టుకోండి.

గాలితో కలిపి చూస్తే మైనస్ 27 లేదా అంతకన్నా తక్కువ అయితే బయటికి కనిపించే చర్మం అరగంట లోపే గడ్డకట్టే ప్రమాదం ఉంది. బుగ్గ, ముక్కు కొస, చెవి అంచు తెల్లగా, మైనంలా మారి స్పర్శ తెలియకపోతే పరుగు అక్కడితో ఆపి లోపలికి వెళ్ళండి. రుద్దకూడదు. హీటరు ముందు పెట్టకూడదు, స్పర్శ లేని చోట కాలినా తెలియదు. చేతికి ఓర్చుకోదగ్గ గోరువెచ్చని నీళ్ళతో నెమ్మదిగా వెచ్చబరిచి, స్పర్శ తిరిగి రాకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి.

7. పాదాలు

ఊలు కలిసిన సాక్సులు ఒక్క జత, చీలమండ పైకి వచ్చేవి. రెండు జతలు వేసుకుంటే షూ బిగుసుకుని నెత్తురు సరిగ్గా పారదు, వేళ్ళు ఇంకా చల్లబడతాయి. బొబ్బలు కూడా వస్తాయి. వేసవి షూ పైభాగం అంతా జాలీయే కాబట్టి గాలి నేరుగా వేళ్ళకు తగులుతుంది. మంచు కురిసే ఊళ్ళో ఉంటే పైభాగం మూసి ఉన్న ట్రైల్ షూ (మట్టిదారుల్లో, కొండదారుల్లో పరుగుకు చేసేది) కొనుక్కోవచ్చు, దాని అడుగు కూడా బాగా పట్టు ఇస్తుంది. గాజులా గట్టిపడిన మంచు మీద ఏ రబ్బరు అడుగూ ఆగదు. షూకు తొడిగే చిన్న ఇనుప ముళ్ళ పట్టీలు ఉంటాయి, అవి తెచ్చుకోండి.

షూను రాత్రంతా గరాజులోనో కారు డిక్కీలోనో వదలకండి. అడుగున ఉండే ఫోమ్ చలికి గట్టిపడి, మొదటి కొన్ని కిలోమీటర్లు చెక్క మీద పరుగెత్తినట్టు ఉంటుంది.

8. ఏ చలికి ఏ జత

12 నుంచి 18 డిగ్రీలు, అంటే హైదరాబాద్, వరంగల్, కర్నూలు మామూలు చలికాలం: హాఫ్‌హ్యాండ్స్ పాలిస్టర్ టీషర్టు, నిక్కరు. అంతే. కేబీఆర్ పార్కు చుట్టూ జాకెట్లలో పరుగెత్తేవాళ్ళు కనిపించినా మీకు అవసరం లేదు. బాగా చలి అనిపిస్తే మోచేతుల పైదాకా వచ్చే ఆర్మ్ స్లీవ్స్ వేసుకుని, వేడెక్కాక కిందికి లాగేయండి.

5 నుంచి 10 డిగ్రీలు, అంటే ఆదిలాబాద్, అరకు, లంబసింగి చలిరోజులు, లేదా ఢిల్లీ జనవరి ఉదయం: ఫుల్‌హ్యాండ్స్ మొదటి పొర, టైట్స్, చెవి పట్టీ, పల్చటి గ్లౌజులు. గాలి ఉంటే వెస్ట్.

మైనస్ 3 నుంచి 4 దాకా, న్యూజెర్సీ చలికాలంలో తరచూ ఎదురయ్యేది: మొదటి పొర మీద అర జిప్ టాప్, లేదా మొదటి పొర మీద విండ్‌చీటర్. రెంటిలో ఒక్కటే. టైట్స్, టోపీ, గ్లౌజులు, బఫ్.

మైనస్ 5 నుంచి మైనస్ 15, షికాగో, టొరంటో జనవరి: మూడు పొరలూ, నూగు టైట్స్, గాలి ఆపే నిక్కరు (మైనస్ 10 కింద ప్యాంటు), మిట్టెన్స్, టోపీ, బఫ్, బుగ్గలకు వ్యాజిలిన్. అంతకన్నా కిందికి దిగితే ఇంటి చుట్టుపక్కల చిన్న రౌండ్లు వేయండి, పది నిమిషాల్లో గుమ్మం చేరేంత దూరంలో ఉండాలి. మైనస్ 20 దాటితే ట్రెడ్‌మిల్ మంచిది.

షికాగోలో డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. పైపొర ఏదైనా వెలుతురు పడితే మెరిసే పట్టీలు ఉండాలి, కాళ్ళకు, చేతులకు కూడా ఉంటే కదలిక వల్ల డ్రైవర్లకు తొందరగా కనిపిస్తారు. మంచు మధ్య తెల్ల బట్టలు వేసుకోకండి.

9. రేసు రోజు

పరుగుకు సరిపోయే బట్టలు ప్రారంభ రేఖ దగ్గర నిలబడడానికి చాలవు. నవంబరు మొదటి ఆదివారం జరిగే న్యూయార్క్ మారథాన్‌లో స్టేటెన్ ఐలాండ్ మీద గంటల తరబడి ఎదురుచూడాలి. పారేసినా బాధపడని పాత స్వెట్‌షర్టు, పాత ప్యాంటు మీద వేసుకుని వెళ్ళండి, మొదలయ్యే ముందు విప్పి సేకరణ డబ్బాలో వేస్తే దానానికి వెళ్తాయి. వాన ఉంటే పెద్ద చెత్త సంచికి తల, చేతులు పట్టేలా మూడు చిల్లులు చేసి తొడుక్కోవడం మంచి ఉపాయం. రేసు కోసం కొత్తగా కొన్న బట్టను అంతకుముందు కనీసం రెండు పొడవు పరుగుల్లో వేసి చూడాలి.

10. పరుగయ్యాక

ఆగిన క్షణం నుంచి వేడి పుట్టడం తగ్గిపోతుంది, చెమట మాత్రం ఆవిరవుతూనే ఉంటుంది. ఐదు పది నిమిషాల్లో ఒంటి మీద ఉన్న ప్రతి తడి బట్టా, తల టోపీతో సహా, మార్చేయండి. పార్కుకు కారులో వెళ్ళేవాళ్ళు పొడి టీషర్టు, తువ్వాలు, పొడి సాక్సులు సీటు మీదే పెట్టుకోవాలి. స్నేహితులతో కబుర్లు, కాఫీ ఆ తర్వాత.

ఉతకడానికి చల్లటి నీళ్ళు, తక్కువ సబ్బు. జిప్పులు మూసి, బట్టలు తిరగేసి వేయండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకండి. అది పోగుల మీద పూతలా పేరుకుని చెమట పాకకుండా చేస్తుంది. బాగున్న టీషర్టు ఉన్నట్టుండి ఒంటికి అతుక్కుపోతోంటే చాలాసార్లు కారణం ఇదే. రెండు మూడు సార్లు కండిషనర్ లేకుండా ఉతికితే చాలావరకు తేరుకుంటుంది. డ్రయ్యర్‌లో ఎక్కువ వేడికి ఎలాస్టేన్ చచ్చిపోయి టైట్స్ వదులవుతాయి, నీడన ఆరేయండి. మెరినోను తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగుతుంది. తువ్వాలులో చుట్టి నొక్కి నీరు తీసి, పరిచి ఆరబెట్టాలి.